జూన్ నెలలో పత్తి అడ్వాన్సు

"మీకు శ్రమ ఏమీ ఉండదు మేడం గారూ. మూడు నెలలకోసారి మీటింగు. కారు పంపిస్తాం. నాలుగు సంతకాలు, అంతే" అన్నారు చైర్మన్ గారు ఫోనులో. స్వతంత్ర డైరెక్టరు, అంటే యజమాని కుటుంబం బయటి నుంచి వచ్చి బోర్డులో కూర్చునే మనిషి, ఆ పదవి గురించి మన ఊళ్లలో ఉన్న అవగాహన అంతా ఆ నాలుగు ముక్కల్లోనే ఉంది. ఆయన్ను తప్పుపట్టను. కంపెనీ సెక్రటరీ ఆయనకు చెప్పింది అదే. ఆ సెక్రటరీ అంతకుముందు పనిచేసిన చోట చూసిందీ అదే.

కంపెనీ పేరు చెప్పను. గుంటూరు నుంచి చిలకలూరిపేట వెళ్లే దారిలో కనిపించే స్పిన్నింగ్ మిల్లుల్లో ఒకటి అనుకోండి. బోర్డు గదిలో విన్నది బయట పెట్టకూడదు కాబట్టి అంకెలు కూడా మార్చాను. లెక్క తీరు మాత్రం మార్చలేదు. నేను బ్యాంకులో అప్పుల విభాగంలో పనిచేసి రిటైరై, గుంటూరు బ్రాడీపేటలో స్థిరపడ్డ మనిషిని. మా బ్యాంకు ఈ మిల్లుకు ఎప్పుడూ అప్పివ్వలేదు. ఇచ్చి ఉంటే, చట్టం అడ్డు చెప్పకపోయినా నేను ఆ కుర్చీలో కూర్చునేదాన్ని కాదు.

షేరు మార్కెట్ మొహం చూడని కుటుంబ మిల్లుకు స్వతంత్ర డైరెక్టరుతో పనేమిటని చాలామంది అడుగుతారు. 2013 కంపెనీల చట్టం 149వ సెక్షను ప్రకారం, లిస్టయిన, అంటే షేర్లు మార్కెట్లో ఉన్న, కంపెనీ బోర్డులో కనీసం మూడో వంతు స్వతంత్రులు ఉండాలి. లిస్టు కాకపోయినా పబ్లిక్ లిమిటెడ్ అయి, చెల్లించిన మూలధనం 10 కోట్లు గానీ, టర్నోవరు 100 కోట్లు గానీ ఉన్నా, అప్పులూ డిపాజిట్లూ కలిపి 50 కోట్లు దాటినా కనీసం ఇద్దరుండాలి. మిల్లు పెట్టినప్పుడు ఎవరో సలహా ఇచ్చి పబ్లిక్ లిమిటెడ్‌గా నమోదు చేయించారట. టర్నోవరూ అప్పూ రెండూ గీత దాటేశాయి. అలా చట్టం తోసుకొచ్చి కూర్చోబెట్టిన ఇద్దరిలో నేనొకదాన్ని.

రెండో ఆయన వ్యవసాయ విశ్వవిద్యాలయంలో పనిచేసి రిటైరైన ప్రొఫెసరు. చైర్మన్ గారూ ఆయనా చిన్నప్పటి నుంచీ స్నేహితులు. ఒకరి ఇంట్లో పెళ్లికి మరొకరు పీటల దగ్గర నిలబడ్డవారు. చట్టం దృష్టిలో ఆయన నిక్షేపంగా స్వతంత్రుడే. ప్రమోటరుకు, అంటే కంపెనీని పెట్టి నడిపే యజమానికి, బంధువు కాకూడదు, కంపెనీతో తన ఆదాయంలో పది శాతం మించిన డబ్బు సంబంధం ఉండకూడదు, తనకూ బంధువులకూ కలిపి రెండు శాతం ఓట్లు ఉండకూడదు. చట్టం ఇవన్నీ లెక్కపెట్టింది. స్నేహాన్ని మాత్రం లెక్కపెట్టలేకపోయింది, ఎలా లెక్కపెడుతుంది? మొదట్లో ఆయన్ను చూసి, ఈయన నోరు మెదపరని నాలో నేను తీర్మానించేసుకున్నాను. ఆ సంగతి తర్వాత చెబుతాను.

డైరెక్టర్ల డేటాబ్యాంకులో పేరు నమోదు చేసుకుని, ఆన్‌లైన్‌లో పరీక్ష కూడా రాయాలి. యాభై శాతం వస్తే చాలు. ఇంట్లో కూర్చుని రాశాను. ఏ సెక్షనులో ఏముందో అడిగారు, ఏ కమిటీకి ఎంతమంది సభ్యులో అడిగారు. ఎదురుగా కూర్చున్నవారి కాఫీ తాగుతూ వారికి నచ్చని ప్రశ్న వేయగలరా అని మాత్రం అడగలేదు. ఉద్యోగమంతా దాంట్లోనే ఉంది.

ఇక అసలు విషయం. మా మిల్లు లాంటి కంపెనీకి, లెక్కలను పరిశీలించే ఆడిట్ కమిటీ కూడా తప్పనిసరి. కనీసం ముగ్గురు, వారిలో స్వతంత్రులదే మెజారిటీ. అంటే ప్రొఫెసరు గారు, నేను, ఎండీ. ఎండీ చైర్మన్ గారి పెద్దబ్బాయి. మొదటి సమావేశం జూన్‌లో, ఏడాది లెక్కలు ఆమోదించడానికి. కాగితాల్లో 'సరఫరాదారులకు ఇచ్చిన అడ్వాన్సులు' అని ఒక పద్దు. ఎనిమిది కోట్లు. పత్తి వ్యాపారం తెలియనివారికి ఇందులో వింతేమీ కనిపించదు. సీజనులో, పత్తి నుంచి గింజ తీసి బేళ్లు కట్టే జిన్నింగ్ మిల్లుకు ముందుగా డబ్బు కడితేనే బేళ్లు కదులుతాయి. కానీ ఆ నిల్వ మార్చి 31 నాటిది. మన వైపు పత్తి అక్టోబరు, నవంబరు నెలల్లో యార్డులకు రావడం మొదలై, ఎండలు ముదిరేసరికి పలచబడిపోతుంది. మేము కూర్చున్న జూన్ నాటికి రైతు కొత్త విత్తనాల వేటలో ఉంటాడు. లెడ్జరు తెప్పించి చూస్తే ఎనిమిదిలో ఆరు కోట్లు ఒకే జిన్నింగ్ మిల్లు పేరున ఉన్నాయి. జనవరిలో వెళ్లిన డబ్బు, అప్పటి నుంచి కదల్లేదు.

"ఈ ఆరు కోట్లకు పత్తి ఎప్పుడొస్తుంది?" అని అడిగాను.

అకౌంట్సు మేనేజరు ఫైలు వైపు చూశారు. ఎండీ తన ఫోను వైపు చూసుకున్నారు. మాకు తోడుగా వచ్చి కూర్చున్న చైర్మన్ గారే నవ్వుతూ, "అది మన అల్లుడు గారిదే మేడం" అన్నారు, సందేహం తీర్చేసిన ధోరణిలో. నిజానికి ఆ ఒక్క మాటతో అది మామూలు అడ్వాన్సు కాకుండా పోయింది. కూతురి భర్త చట్టంలోని బంధువుల జాబితాలో ఉన్నాడు. అంటే ఇది సంబంధిత పక్షంతో లావాదేవీ. ఆడిట్ కమిటీ ఆమోదం లేకుండా జరగకూడదు. ఆడిటరు గారి ముఖం కొంచెం మారింది.

లెక్క కష్టమైనదేమీ కాదు. మిల్లు తన క్యాష్ క్రెడిట్ ఖాతాలోంచి, అంటే సరుకు పూచీ మీద బ్యాంకు ఇచ్చే అప్పు ఖాతాలోంచి, పది శాతం వడ్డీకి తీసిన డబ్బది. ఆరు కోట్లకు ఏడాదికి 60 లక్షలు, నెలకు ఐదు లక్షలు. అది అల్లుడి మిల్లులో వడ్డీ లేకుండా కూర్చుంది. ఆ ఏడాది మా కంపెనీ నికర లాభం కోటిన్నర. మరోవైపు ఊళ్లోని చిన్న జిన్నింగ్ మిల్లులకు మేము రెండు నెలలు ఆలస్యంగా చెల్లిస్తున్నాం. ఆ ఆలస్యాన్ని వాళ్లు క్యాండీ (పత్తి తూకం లెక్క) ధరలో కలిపి మా దగ్గరే వసూలు చేస్తారు. అంటే కంపెనీకి ఒకే డబ్బు మీద రెండుసార్లు నష్టం. ఈ రెండోది ఏ బ్యాలెన్సు షీటులోనూ విడిగా కనిపించదు.

పాత అలవాటు కొద్దీ ఇంకొకటి కూడా చూశాను. బ్యాంకుకు నెలనెలా పంపే స్టాకు స్టేట్‌మెంటులో ఈ ఆరు కోట్లు బేళ్లుగా వేషం మార్చుకున్నాయేమోనని. అలా చేస్తే డ్రాయింగ్ పవర్, అంటే తీసుకోగల అప్పు పరిమితి, పెరుగుతుంది, లేని సరుకు మీద అప్పు వస్తుంది. నా ఉద్యోగ కాలంలో అలాంటివి చూశాను. ఇక్కడ అది లేదు. ఆ విషయంలో వాళ్లు నిక్కచ్చిగానే ఉన్నారు. దొంగలు కారు వాళ్లు. కంపెనీ డబ్బుకూ ఇంటి డబ్బుకూ మధ్య గోడ కట్టాలన్న ఆలోచన తట్టని కుటుంబం, అంతే. మన దగ్గర నూటికి తొంభై మంది ప్రమోటర్లు ఈ కోవలోనివారే అని నా అభిప్రాయం.

గొడవ పెట్టుకోలేదు. లెక్కల మీద సంతకం పెట్టే ముందు మినిట్సులో, అంటే సమావేశంలో జరిగింది రాసే పుస్తకంలో, మూడు వాక్యాలు రాయించాను. సెప్టెంబరు లోపు ఆ డబ్బు వడ్డీతో సహా వెనక్కి రావాలి. ఇకపై బంధువుల జిన్నింగ్ మిల్లుకు ఇచ్చే అడ్వాన్సు, బయటి మిల్లులకు ఇచ్చే గడువును మించకూడదు. ధర అదే రోజు బయటివారికి కట్టిన ధర కంటే ఎక్కువ ఉండకూడదు. ఎండీకి కోపం వచ్చింది. "మా డబ్బు మేం వాడుకోవడానికి కూడా పర్మిషనా?" అన్నారు. బ్యాంకు డబ్బు కదా బాబూ అన్నాను. ఆయన నా కొడుకు ఈడువాడు, ఆ చనువు తీసుకున్నాను.

ప్రొఫెసరు గారి సంగతి ఇప్పుడు. ఆ సమావేశంలో ఆయన నిజంగానే నోరు మెదపలేదు. తర్వాతి దాంట్లో, నేను ధరల పట్టిక చూస్తుంటే, ఆయన తీరిగ్గా కళ్లజోడు తుడుచుకుంటూ, "ఏరా, బేళ్లలో తేమ ఎంతుంటోంది?" అని చైర్మన్ గారిని అడిగారు. ఎవరి దగ్గరా జవాబు లేదు. బరువు చూసి కొంటున్నారు, తేమ చూడటం లేదు. 170 కిలోల బేలులో ఒక్క శాతం తేమ ఎక్కువైతే ఒకటి ముప్పావు కిలో దాకా నీళ్లను పత్తి ధరకు కొన్నట్టు. వేల బేళ్ల మీద వేసి చూసుకోండి. తేమ కొలిచి పుస్తకంలో రాయడం మొదలుపెట్టాక, ఎక్కువ తేమ ఏ మిల్లు నుంచి వస్తోందో బయటపడింది. మీరు ఊహించిందే. అదే ప్రశ్న నేను వేసి ఉంటే అనుమానం అనుకునేవారు. స్నేహితుడు వేస్తే మంచిమాట అయింది. స్వతంత్రత అంటే దూరం ఒక్కటే అని నేనిక అనుకోను.

అల్లుడి డబ్బు దసరాకు కాస్త అటూ ఇటూగా వెనక్కి వచ్చింది. వడ్డీ మాత్రం సగమే కట్టారు, మిగతాది తర్వాతి సరుకులో సర్దుకున్నారు. మరుసటి మార్చి 31కి ఆ పద్దులో చెప్పుకోదగిన నిల్వ లేదు. చిన్న మిల్లులకు చెల్లింపులు మెరుగుపడ్డాయి. ఇదంతా చెప్పాక, లాభం ఎంత పెరిగిందని మీరు అడగవచ్చు. పెరగలేదు. ఆ ఏడాది నూలు ధర పడిపోయింది. బోర్డులో ఎవరున్నా నూలు ధర వినదు కదా.

ఇక్కడే స్వతంత్ర డైరెక్టర్ల గురించి పెద్ద పెద్ద మాటలు చెప్పేవారితో నాకు పేచీ. సంజయ్ భగత్, బెర్నార్డ్ బ్లాక్ అనే ఇద్దరు అధ్యయనకారులు అమెరికా కంపెనీల మీద చేసిన పరిశోధన ఈ రంగంలో బాగా ప్రసిద్ధం. బోర్డులో స్వతంత్రులు ఎక్కువైనంత మాత్రాన కంపెనీ దీర్ఘకాలంలో బాగా రాణిస్తుందనడానికి ఆధారం లేదని వారు తేల్చారు. పైగా లాభాలు తగ్గిన కంపెనీలే స్వతంత్రుల సంఖ్య పెంచుకుంటున్నాయట. నాకు ఆశ్చర్యం కలగలేదు. పత్తి ఎప్పుడు కొనాలో, ఏ కౌంటు (సన్నదనం) నూలు తీయాలో నాకన్నా ఎండీకి వందరెట్లు తెలుసు. అందులో నేను వేలు పెడితే నష్టమే. నా పని నగదు ఎటు వెళ్తోంది, ఎక్కడ ఆగిపోతోంది, ఎవరి దగ్గర ఆగిపోతోంది అని చూడటం. లాభనష్టాల పట్టిక కన్నా నేను నగదు ప్రవాహ పట్టికనూ, సంబంధిత పక్షాల నోటునూ ముందు చదువుతాను. వార్షిక నివేదికలో వెనకెక్కడో చిన్న అక్షరాల్లో ఉండే నోటు అది. కంపెనీ గుణం అక్కడ తెలుస్తుంది. చైర్మన్ సందేశంలో కాదు.

ఈ విషయం ఎత్తాక సత్యం కంప్యూటర్స్ కుంభకోణం దగ్గరికి రాకుండా తెలుగువాళ్లు ఉండలేరు. ఆ కంపెనీ పెట్టిన బైర్రాజు రామలింగరాజు బీకాం చదివింది మన విజయవాడ ఆంధ్ర లొయోలా కాలేజీలో. అందుకే కాబోలు ఇటువైపు ఆ కథను ఇప్పటికీ ఇంటి మనిషి కథలా, కాస్త జాలి కలిపి చెప్పుకుంటారు. నాకు ఆ జాలి లేదు. కానీ ఆ బోర్డు గురించి చాలా ఆలోచించాను. కేంద్రంలో కేబినెట్ కార్యదర్శిగా చేసినవారు, హైదరాబాదు బిజినెస్ స్కూలు ఐఎస్‌బీ డీను, ఐఐటీకి డైరెక్టరుగా చేసినవారు, పెంటియం చిప్ రూపకల్పనతో పేరొందిన ఇంజనీరు. అంతకన్నా ఘనమైన స్వతంత్రులను ఎవరు తేగలరు? 2008 సెప్టెంబరులో ఆ కంపెనీకి మంచి పాలనకు గోల్డెన్ పీకాక్ అవార్డు కూడా వచ్చింది.

అదే ఏడాది డిసెంబరు 16న ఆ బోర్డు ముందుకు ఒక ప్రతిపాదన వచ్చింది. ప్రమోటరు కుటుంబానికే చెందిన మేటాస్ ప్రాపర్టీస్, మేటాస్ ఇన్‌ఫ్రాలను సుమారు 160 కోట్ల డాలర్లు పెట్టి కొనాలని. సాఫ్ట్‌వేర్ కంపెనీకి స్థలాలూ రోడ్లూ ఎందుకని, విలువ ఎలా కట్టారని సభ్యులు ప్రశ్నలు వేశారు. వేసి, ఏకగ్రీవంగా ఆమోదించారు. ఇన్వెస్టర్లు తిరగబడటంతో కొన్ని గంటల్లోనే కంపెనీ వెనక్కి తగ్గింది. 2009 జనవరి 7న తప్పు ఒప్పుకుంటూ రాజు రాసిన లేఖ బయటికొచ్చింది. పుస్తకాల్లో చూపిన 5,361 కోట్ల నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు లేనేలేవు. 2008 సెప్టెంబరుతో ముగిసిన త్రైమాసికంలో నిర్వహణ లాభం 649 కోట్లని చూపించారు. నిజంగా ఉన్నది 61 కోట్లు. మేటాస్ కొనుగోలు ఆ లేని ఆస్తుల స్థానంలో ఉన్న ఆస్తులను పెట్టడానికి చేసిన ఆఖరి ప్రయత్నమని ఆయనే రాశారు.

అంకెలు తప్పని కనిపెట్టలేకపోయినందుకు ఆ డైరెక్టర్లను నేను నిందించను. దొంగ కాగితాలను బోర్డు గదిలో కూర్చుని పట్టుకోవడం దాదాపు అసాధ్యం. కానీ కుటుంబ కంపెనీలను కొనే ప్రతిపాదన దొంగ కాగితం కాదు. అది బల్లమీద తెరిచి ఉన్నదే. ప్రశ్న అడిగి, సరైన జవాబు రాకపోయినా చెయ్యెత్తారే, నాకు గుచ్చుకునేది అక్కడ. సందేహం ఉంటే అది ఓటులో కనపడాలి. కనీసం వాయిదా కోరాలి.

సత్యం నుంచి నేను ఒక పని అలవాటు చేసుకున్నాను. ఆ కంపెనీ ఆడిటు చేసిన సంస్థల మీద అమెరికా నియంత్రణ సంస్థ ఎస్ఈసీ 2011లో చర్య తీసుకున్నప్పుడు ఎత్తి చూపిన ప్రధాన లోపం ఒకటుంది. బ్యాంకు నిల్వల నిర్ధారణ ఉత్తరాలు పంపడం, తెప్పించుకోవడం ఆడిటర్లు కంపెనీ చేతికే వదిలేశారు. అందుకని ఏటా మా ఆడిటరు గారిని ఒకే ప్రశ్న అడిగేదాన్ని. "బ్యాంకు లెటరు మీకు నేరుగా వచ్చిందా, మా అకౌంట్సు వాళ్లు తెచ్చి ఇచ్చారా?" మొదటిసారి అడిగినప్పుడు ఆయన కాస్త నొచ్చుకున్నారు. తర్వాతి ఏడాది నేను అడగకముందే, బ్యాంకు నుంచి నేరుగా వచ్చిన మెయిలు ముద్రించి ఫైలు పైన పెట్టారు.

అడిగితే తీసేస్తారు కదా అని ఒక పాత సహోద్యోగి అన్నాడు. తీసేస్తారు, నిజమే. 2016 అక్టోబరులో సైరస్ మిస్త్రీని టాటా సన్స్ చైర్మన్ పదవి నుంచి తప్పించాక, ఆయనకు మద్దతుగా నిలిచిన స్వతంత్ర డైరెక్టరు నుస్లీ వాడియాను డిసెంబరులో టాటా స్టీల్, టాటా మోటార్స్, టాటా కెమికల్స్ బోర్డుల నుంచి వాటాదారుల ఓటుతో తొలగించారు. ప్రమోటరు ఓట్లు అందులో ఉన్నాయి. ఎవరిని కనిపెట్టుకుని ఉండాలో వారే తీసేయగలిగితే ఇక కాపలా ఏమిటని అప్పట్లో పెద్ద చర్చ నడిచింది. 2022 జనవరి నుంచి లిస్టయిన కంపెనీల్లో స్వతంత్ర డైరెక్టర్ల నియామకానికీ తొలగింపుకూ ప్రత్యేక తీర్మానం, అంటే పడిన ఓట్లలో నాలుగింట మూడొంతులు, ఉండాలని షేరు మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ నియమం తెచ్చింది. మా మిల్లు లాంటి చోట ఈ చర్చే అనవసరం. షేర్లన్నీ ఒకే ఇంట్లో ఉన్నాయి. నన్ను తీసేయాలంటే భోజనాల బల్ల దగ్గర మాట్లాడుకుంటే చాలు.

అయినా చేతిలో ఏమీ లేదనుకోకండి. చట్టంలో ఎవరూ పట్టించుకోని మూలన ఒక చిన్న వాక్యం ఉంది. బోర్డు సమావేశానికి ఏడు రోజుల నోటీసు ఇవ్వాలి. అత్యవసరమైతే అంతకన్నా తక్కువ వ్యవధిలో పిలవవచ్చు, కానీ కనీసం ఒక స్వతంత్ర డైరెక్టరు హాజరు కావాలి. ఎవరూ రాకపోతే ఆ నిర్ణయాన్ని డైరెక్టర్లందరికీ పంపాలి. స్వతంత్రుల్లో ఒకరైనా ఆమోదిస్తేనే అది చెల్లుతుంది. 173వ సెక్షను.

ఒక శనివారం సాయంత్రం సెక్రటరీ ఫోను చేసి, మర్నాడు ఉదయం బోర్డు ఉందన్నారు. చైర్మన్ గారి చిన్నబ్బాయి గుంటూరు శివార్లలో మిరప కోల్డ్ స్టోరేజీ కడుతున్నారు, దాని అప్పుకు మన మిల్లు హామీ ఇవ్వాలి, బ్యాంకు తొందర చేస్తోంది అని. మిరప ధర, శీతల గిడ్డంగుల వ్యాపారం ఎలా ఒక్క సీజనులో తలకిందులవుతాయో నాకు తెలుసు. యార్డులో ధర పడితే రైతు సరుకు తీసుకోడు, అద్దె రాదు, సరుకు మీద ఇచ్చిన అప్పులు ఇరుక్కుంటాయి. అలాంటి వ్యాపారానికి నూలు మిల్లు హామీ ఇస్తే, ఆ భారం ఇవాళ బ్యాలెన్సు షీటులోకి రాదు. లెక్కల చివర ఉండే నోట్లలో ఒక గీతగా ఉంటుంది. రేపు ఆ గీతే మిల్లును ముంచుతుంది. డైరెక్టరుకు సొంత ప్రయోజనం ఉన్న కంపెనీ అప్పుకు హామీ అంటే 185వ సెక్షను కూడా వస్తుంది, బోర్డు ఒక్కటే తేల్చేది కాదు. ప్రొఫెసరు గారికి ఫోను చేశాను. ఆయన అప్పటికే వస్తానని మాటిచ్చేశారు. పదిహేను నిమిషాలు మాట్లాడుకున్నాం. చివరికి ఆయనే చైర్మన్ గారికి ఫోను చేసి, "వారం ఆగరా, కాగితాలు చూసి వస్తాం" అన్నారట.

వారం ఆగాక ఆ విషయం ఎజెండాలో లేదు. కుటుంబం సొంత ఆస్తి పూచీ పెట్టి అప్పు తెచ్చుకుంది. మేం 'వద్దు' అనలేదు, ఓటు వేయలేదు, మినిట్సులో ఒక్క ముక్క లేదు. కంపెనీ ఆర్థిక స్థితి మీద నేను చూపిన ప్రభావంలో అన్నిటికన్నా పెద్దది ఇదే. రుజువు మాత్రం ఎక్కడా లేదు. ఈ పదవిలో మంచి పని చాలావరకు ఇలాగే ఉంటుంది కాబట్టి, అంకెలతో కొలిచేవారికి దొరకదు.

ఫీజు సంగతి అడిగేవారి కోసం: చట్టం ప్రకారం ఒక్కో సమావేశానికి గరిష్ఠంగా లక్ష రూపాయల దాకా ఇవ్వొచ్చు. మాకిచ్చింది వేలల్లో. పెద్ద కంపెనీల్లో లాభంలో కమిషను కూడా ఉంటుంది, స్టాక్ ఆప్షన్లు మాత్రం ఇవ్వకూడదు. బాధ్యత విషయానికొస్తే, బోర్డు ద్వారా తెలిసి జరిగినవాటికి, ఒప్పుకున్నవాటికి, జాగ్రత్త పడకపోవడం వల్ల జరిగినవాటికి మాత్రమే స్వతంత్రులను పట్టుకోవాలని 149వ సెక్షనులోనే ఉంది. 'నాకు తెలియదు' అని తప్పించుకోవడానికి అందులో చోటు చూసుకునేవారున్నారు. నేను దాన్ని మరోలా చదివాను. అడిగినట్టు కాగితం మీద లేకపోతే జాగ్రత్త పడినట్టు ఎలా చూపిస్తాను? అందుకే ముసాయిదా మినిట్స్ రాగానే చదివి, నా ప్రశ్న ఎగిరిపోయి ఉంటే తిరిగి చేర్చమని వారం లోపే మెయిలు పెట్టేదాన్ని. సెక్రటరీ అమ్మాయికి నా మీద విసుగు ఉండేది. తర్వాత ఆమే నాకు కొన్ని కాగితాలు ముందుగా పంపడం మొదలుపెట్టింది.

నా ఐదేళ్ల కాలం పూర్తి కావస్తుండగా, కంపెనీని ప్రైవేట్ లిమిటెడ్‌గా మార్చాలన్న ప్రతిపాదన వచ్చింది. ఖర్చులూ ఫారాలూ తగ్గుతాయని కారణం చెప్పారు. నిజమే, తగ్గుతాయి. ప్రైవేట్ కంపెనీకి స్వతంత్ర డైరెక్టర్లు అక్కర్లేదు, ఆడిట్ కమిటీ అక్కర్లేదు. అప్పు 50 కోట్లున్నా 500 కోట్లున్నా అంతే. ఈ నియమంలో నాకు అర్థం కానిది ఇదే. బ్యాంకులో ఉన్నది జనం డిపాజిట్లు. అవి మిల్లులోకి వెళ్లినప్పుడు, మిల్లు పేరు చివర 'ప్రైవేట్' అన్న మాట ఉందా లేదా అన్నదాన్ని బట్టి కాపలా మారిపోవడం ఏమిటి? వాటాదారు ఒక్కడే యజమాని అనుకుని రాసిన చట్టం. మన జిల్లాల్లోని మిల్లుల్లో, కోల్డ్ స్టోరేజీల్లో, ఆస్పత్రుల్లో వాటాదారు పెట్టిన డబ్బు కన్నా బ్యాంకు పెట్టిందే ఎక్కువ.

ప్రతిపాదనను నేను వ్యతిరేకించలేదు. యజమానులకు ఆ హక్కుంది. పత్రికా ప్రకటన, అప్పిచ్చినవారికి నోటీసు, కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖ రీజినల్ డైరెక్టరు ఆమోదం ఎలాగూ ఉండాల్సినవే. వాటికన్నా ముందే బ్యాంకు రాతపూర్వక సమ్మతి తేవాలని మాత్రం మినిట్సులో రాయించాను. బ్యాంకు ఒప్పుకుంటూ ఒక షరతు పెట్టింది. సంబంధిత పక్షాలతో లావాదేవీల పట్టికను మూడు నెలలకోసారి తమకు పంపాలని. ఆ షరతు రాసిన మేనేజరు ఎవరో నాకు తెలియదు, కానీ పని తెలిసిన మనిషి.

మిల్లు ఇప్పుడు ప్రైవేట్ లిమిటెడ్. ప్రొఫెసరు గారూ నేనూ దిగిపోయాం. తేమ పుస్తకం ఇంకా రాస్తున్నారని విన్నాను. జిన్నింగ్ మిల్లు అడ్వాన్సు జూన్‌లో కూడా ఎందుకు నిలిచి ఉందని అడగాల్సింది ఇక ఆ బ్యాంకు మేనేజరే. ఆయనకు బదిలీ అయితే, ఆ తర్వాత వచ్చేవారు.